చెట్టినాడు ఇంటిని వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా చూడటం ఎలా?

చెన్నై నుంచి రెండు రోజులు వీలు చేసుకుని చెట్టినాడు వెళ్లేవాళ్లలో చాలామంది ఐదారు ఇళ్లు, రెండు గుళ్లు, ఒక కోట, ఒక పేరున్న భోజన హోటలు అన్నీ ఒక్క రోజులో చుట్టేస్తారు. ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఇంటిదో ఎవరికీ గుర్తుండదు. ఆ పద్ధతి వద్దు. పూటకు ఒక్క ఇల్లు పెట్టుకోండి. వీధి అరుగు దగ్గర మొదలుపెట్టి పెరటి గుమ్మం దాకా వరసగా నడవండి. ఈ ఇళ్లు కట్టిందే ఆ వరసలో. వ్యాపారానికి వచ్చినవాళ్లు ఎక్కడిదాకా రావచ్చు, బంధువులు ఎక్కడిదాకా, ఇంటి ఆడవాళ్లు ఎక్కడ మసలుతారు అన్నది గడపగడపకూ తేల్చేసి కట్టారు. ఆ వరస పట్టుకోకపోతే కళ్లకు ఖరీదైన సామాను తప్ప ఇల్లు కనపడదు.

వెళ్లే ముందు ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. కారైకుడి చుట్టూ శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో డెబ్బైకి పైగా ఊళ్లున్న ప్రాంతం చెట్టినాడు. నగరత్తార్లు, అంటే నాట్టుకోట్టై చెట్టియార్లు, 19వ శతాబ్దం మధ్య నుంచి 1940ల దాకా కట్టుకున్న ఇళ్లివి. డబ్బు బర్మా, సిలోన్, మలయాల్లో చేసిన వడ్డీ వ్యాపారం నుంచి వచ్చింది, టేకు బర్మా అడవుల నుంచి వచ్చింది. ఆ బర్మాలోని రంగూన్ రేవులోనే కోరంగి వైపు నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ వెళ్లిన మనవాళ్లు వేల సంఖ్యలో మూటలు మోశారు. అందుకే ఈ స్తంభాల ముందు నిలబడినప్పుడు తెలుగువాళ్లకు వేరే గుర్తులు కూడా వస్తాయి. 1930ల ఆర్థిక మాంద్యం, 1942లో బర్మాను జపాన్ ఆక్రమించడం, 1948లో అక్కడ భూముల జాతీయకరణ, ఈ మూడూ కలిసి ఆ రాబడిని ఆపేశాయి. కొత్తగా కట్టడం ఆగింది, ఉన్నవాటిని మార్చే స్తోమతా తగ్గింది. కాబట్టి చాలా ఇళ్లు ఆ కాలం దగ్గరే నిలిచిపోయాయి. 2014లో ఈ ఊళ్ల సముదాయం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం: ఇవి మ్యూజియంలు కావు, ఉమ్మడి ఆస్తులు. తాతగారు కట్టిన ఇంటికి ఇప్పుడు మనవలు, మునిమనవలు కలిపి పదుల మంది హక్కుదారులు. వాళ్లు చెన్నైలోనో, సింగపూర్‌లోనో ఉంటారు. పెళ్లిళ్లకు, పూజలకు వచ్చి ఇల్లు తెరుస్తారు. మిగతా రోజుల్లో కాపలా చూసే పెద్దాయన ఒక్కరే ఉంటారు. ఏ గది తాళం ఎవరిదో ఆయనకు తెలుసు, తెరిచే హక్కు మాత్రం ఆయనకు లేదు. "ఆ ఒక్క గదీ చూపించండి" అని పట్టుబట్టి ఆయన్ను ఇబ్బంది పెట్టకండి.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే ఉదయం పదకొండు తర్వాత ఇంటి నడుమ పైకప్పు లేని మండువా రాతి మీద వట్టి కాళ్లతో నిలబడలేరు. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, ఇంకో లాభం ఉంది. అరవవాళ్లు ఈ మార్గళి నెలలో పెళ్లిళ్లు చేయరు కాబట్టి ఇల్లు పెళ్లికి ఇచ్చేశారన్న మాట వినాల్సిన అవసరం రాదు. మిగతా నెలల్లో ముహూర్తాలున్న శని, ఆదివారాలు చూసుకుని తప్పించండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారంలో మాత్రం హోటల్ గదులు ముందే నిండిపోతాయి.

రైల్లో వెళ్లడం తేలిక. పల్లవన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఎగ్మోర్‌లో బయలుదేరి రాత్రికి కారైకుడి చేరుస్తుంది. పనుల వల్ల ఒక్కోసారి బయలుదేరే స్టేషన్ మారుతుంది, టికెట్ మీద చూసుకోండి. రామేశ్వరం వైపు వెళ్లే రాత్రి బండ్లు ఎక్కితే తెల్లవారుజామున దిగుతారు. కానాడుకాత్తాన్ పక్కనే చెట్టినాడు అని చిన్న స్టేషన్ ఉంది గానీ అన్ని బండ్లూ ఆగవు, ఆగినా ఆ వేళకు ఆటో దొరకదు. కారైకుడిలో దిగడమే మేలు. కారులో అయితే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు పట్టుకుని విల్లుపురం, తిరుచ్చి, పుదుక్కోట్టై మీదుగా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. టిఫిన్‌కూ భోజనానికీ ఆగుతూ వెళితే ఎనిమిది గంటలు పడుతుంది.

బస కారైకుడిలో పెట్టుకుంటే అన్నిటికీ మధ్యలో ఉంటారు. కానాడుకాత్తాన్, ఆత్తంగుడి, పిళ్ళైయార్‌పట్టి అన్నీ పదిహేను కిలోమీటర్ల అటూఇటూలోనే. డబ్బు కొంచెం ఎక్కువైనా పరవాలేదనుకుంటే ఒక రాత్రి పాత ఇంటినే హోటలుగా మార్చిన చోట ఉండండి. రాత్రి తొమ్మిది తర్వాత, మళ్లీ తెల్లవారకముందు మండువాలో కూర్చునే వీలు సందర్శకుడికి దొరకదు, బస చేసినవాళ్లకే దొరుకుతుంది.

ఊళ్లో తిరగడానికి రోజంతటికీ ఒక ఆటో లేదా కారు మాట్లాడుకోండి. "ఇన్ని గంటలు, ఈ ఊళ్లు, ఆగి ఉండే సమయంతో కలిపి" అని ముందే తేల్చుకోవాలి. లేకపోతే ఇంట్లో మీరు గంట గడిపితే బయట డ్రైవరు విసుక్కుంటాడు, ఆ తొందర మీకూ అంటుకుంటుంది.

ఏ ఇల్లు చూడాలి, ఎవరిని అడగాలి

మొదటిసారి వెళ్లేవాళ్లు ఆత్తంగుడిలోని పెరియ వీడుతో మొదలుపెట్టండి. ఆత్తంగుడి ప్యాలెస్, లక్ష్మీ హౌస్ అన్నా అదే. టికెట్ తీసుకుని లోపలికి వెళ్లవచ్చు. కానాడుకాత్తాన్‌లో రాజావారి చెట్టినాడు ప్యాలెస్‌ను మాత్రం బయటి నుంచి చూసి తృప్తిపడాలి. ఆ వీధుల్లోనే చిన్న మొత్తం తీసుకుని చూపించే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఇక్కడ ఇళ్లకు నంబర్ల కన్నా విలాసం ముఖ్యం. అంటే సి.వి.ఆర్.ఎం., సి.వి.సి.టి. లాంటి పెద్దల పేర్ల పొడి అక్షరాలు. ఆ అక్షరాలతో అడిగితే ఎవరైనా చూపిస్తారు, మ్యాప్ చూపించి అడిగితే తికమక పడతారు.

50, 100 రూపాయల నోట్లు దగ్గర పెట్టుకోండి. చాలా ఇళ్లలో చిల్లర ఉండదు, ఫోన్ చెల్లింపులూ నమ్మకం లేదు. టికెట్ లేని ఇంటికి వెళితే అరుగు కింద నిలబడి "అయ్యా, వీట్టై పార్క్కలామా?" (ఇల్లు చూడవచ్చా?) అని అడగండి. పెద్దావిడ ఉంటే "అమ్మా". వద్దంటే అంతటితో వదిలేయండి. సరే అంటే చూసి వచ్చేటప్పుడు మనిషికి యాభై, వంద చేతిలో పెట్టడం మర్యాద. ఫొటోకు విడిగా అడగాలి: "ఫొటో ఎడుక్కలామా?" మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కాపలావాళ్ల భోజనం, కునుకు. ఆ వేళకు ఎవరి తలుపూ తట్టకండి. తొమ్మిదిన్నరకు ఒక ఇల్లు, మూడున్నరకు ఇంకో ఇల్లు, ఈ లెక్క బాగా కుదురుతుంది.

ఇంటి లోపల

వీధిలో రెండు నిమిషాలు ఆగండి. పిట్టగోడ మీద సున్నపు బొమ్మలు చూడండి. లక్ష్మి, ఏనుగులు, పక్కనే టోపీ పెట్టుకున్న తెల్ల సిపాయిలు. ఇల్లు వీధికన్నా ఎంత ఎత్తులో ఉందో గమనించండి. ఈ వంశాల పూర్వీకులు కావేరిపూంపట్టినం అనే పాత రేవు పట్నాన్ని సముద్రం ముంచెత్తాక ఇటు వచ్చారని చెప్పుకుంటారు, ఆ భయంతోనే పునాదులు ఎత్తు పెట్టారని కూడా అంటారు.

మెట్ల దగ్గరే చెప్పులు విడవండి. సాక్సు వేసుకుని నడవకండి, నున్నటి పాలరాతి మీద జారతారు. కాలు కాలే కాలంలో మండువా దాటడానికి మాత్రమే సాక్సు పనికొస్తుంది, జేబులో ఉంచుకోండి.

మొదటిది తిణ్ణై, మన అరుగు. గుమ్మానికి అటూ ఇటూ ఉంటుంది. బేరాలు, లెక్కలు, బయటివాళ్లతో మాటలు అన్నీ ఇక్కడే ముగిసేవి. గోడను చూడాల్సింది కూడా ఇక్కడే, ఎందుకంటే వెలుగు పక్కనుంచి పడుతుంది. గోడకు ఎదురుగా కాక, దాని వెంబడి ఏటవాలుగా చూడండి. అద్దంలా మెరుస్తుంది. అది రంగు కాదు. సున్నం పూత మీద పూత వేసి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి, చివరి పూతలో గుడ్డు తెల్లసొన చేర్చి, నున్నటి రాయితో రుద్ది రుద్ది తెచ్చిన మెరుపు. చేయి ఆనించకండి. చేతి జిడ్డు ఒకసారి పట్టిందంటే వదలదు, మళ్లీ ఆ పూత వేయగల మేస్త్రీలు తక్కువ. గోడ అడుగున ఉప్పు పొంగి పూత పెచ్చులూడిన చోట చూస్తే ఎక్కువసార్లు ఎవరో సిమెంటుతో అతుకు వేసి ఉంటారు. సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ పక్కకు పాకి, మంచి గోడను కూడా చెడగొడుతుంది.

గుమ్మం దగ్గర తల ఎత్తండి. బర్మా టేకు ద్వారబంధం మీద గజలక్ష్మి, చిలకలు, లతలు వరస వరసలుగా చెక్కి ఉంటాయి. గడప ఎత్తుగా ఉంటుంది, దాని మీద కాలు పెట్టకుండా దాటండి. పెద్దవాళ్లను తీసుకెళితే చేయి పట్టుకోవాల్సిన మొదటి చోటు ఇదే. దాటగానే పక్కకు తొలగకుండా నేరుగా చూడండి. గుమ్మం వెనక గుమ్మం, దాని వెనక ఇంకో గుమ్మం, చిట్టచివర పెరటి వెలుగు, అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. ఇల్లు ముందు వీధి నుంచి వెనక వీధి దాకా సాగుతుంది. ఈ ఒక్క చూపులో ఇంటి పటం మీ బుర్రలో పడిపోతుంది. మిగతా నడకంతా దాన్ని నింపుకోవడమే.

ముందున్న హాలు చూపించుకోవడానికి కట్టింది. ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు, జపాన్ నుంచి వచ్చిన పింగాణీ పలకలు, నిలువెత్తు టేకు స్తంభాలు ఇక్కడే ఉంటాయి. జనం ఎక్కువసేపు ఇక్కడే ఆగిపోతారు. పది నిమిషాలు చాలు. ఒక్క పని మాత్రం చేయండి: ఇల్లు ఏ దశలో పెరిగిందో పోల్చుకోండి. చెక్క దూలాలు, సున్నం, ఒంటి అంతస్తు ఉన్న భాగం పాతది. ఇనుప దూలాలు, రంగు అద్దాల కిటికీలు, మేడ, గుండ్రని మూలలు ఉన్నాయంటే తర్వాత చేర్చినది. ఒకే ఇంట్లో ఇవి రెండూ ఉండటం మామూలే.

తర్వాత వచ్చే వళవు దగ్గర మీ సమయమంతా పెట్టండి. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ స్తంభాల నడవా, నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుల కప్పు. తేడా నడవా వెనకున్న గదుల్లో ఉంది. వరసగా చిన్న చిన్న గదులు, ఒక్కో పెళ్లయిన కొడుకుకు ఒక్కోటి. పెళ్లయిన ప్రతి జంటా కులం లెక్కలో ఒక పుళ్ళి. ఆ గది ఆ జంటది, కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానుదీ. పడక, పిల్లలు, కబుర్లు అన్నీ నడవాలోనే. గదులు ఇంత చిన్నవి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. తాళాలు లెక్కపెడితే ఈ ఇంటికి ఎన్ని వాటాలో తెలిసిపోతుంది. గది తలుపులు తోయకండి, కన్నాల్లోంచి ఫోన్ పెట్టి ఫొటోలు తీయకండి. పూజగది ముందు అసలే వద్దు.

ఇక్కడ వాన నీటి దారి వెతకండి. కప్పు మూలల్లో లోహపు తొట్లు, వాటి నుంచి దిగే గొట్టాలు, మండువా నేలకున్న కొద్దిపాటి వాలు, మూలనున్న రాతి కన్నం. ఆ నీరు బావికో, ఊరి చెరువుకో చేరుతుంది. వర్షాలు తక్కువైన నేల ఇది, చుక్క వదులుకోలేదు. పాడుబడిన ఇంట్లో కూలడం మొదలయ్యేదీ ఈ మూలల్లోనే. ఒక పెంకు జారితే నీరు దూలం చివరలోకి దిగుతుంది, టేకైనా గోడలో ఇమిడిన చోట నానితే చివుకుతుంది. ఆ దూలం జారితే నడవా అంతా కుంగుతుంది. అలా కుంగిన నడవా కింద నిలబడి ఫొటో దిగవద్దు.

రెండో కట్టు, అంటే వళవు వెనకున్న భాగం, భోజనాలది. పొడుగాటి నడవాల్లో బంతులు వేసేవారు. పక్కన సామాన్ల కొట్లు. ఇక్కడ త్వరగా కదలవచ్చు. మూడో కట్టు వంటిల్లు, బావి, రుబ్బురోళ్లు, ఊరగాయలూ వడియాలూ ఎండబెట్టే వాకిలి. ఆడవాళ్ల రోజంతా గడిచిందిక్కడే. పాలరాయి లేదు, అద్దాలు లేవు. రాయి నేల, మసిబట్టిన గోడ. చాలామంది ఇక్కడిదాకా రాకుండానే తిరిగిపోతారు. రండి. ముందు హాలులో ఒక్క స్తంభానికి పెట్టిన ఖర్చూ ఇక్కడి నేలా పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ ఇంటి సంగతి పూర్తిగా తెలుస్తుంది.

మేడ మీదికి కాపలాయన తీసుకెళితేనే ఎక్కండి, చెక్క మెట్ల మీద ఒకసారికి ఒక్కరే. పాత ఇళ్లలో సందర్శకులకు మరుగుదొడ్డి ఉంటుందని లెక్కపెట్టుకోకండి, బస దగ్గరే చూసుకుని బయలుదేరండి. డ్రోన్, ట్రైపాడ్, పెళ్లికి ముందు ఫొటోషూట్ లాంటివి ఉంటే ఫోన్‌లో ముందే మాట్లాడి రుసుము తేల్చుకోవాలి. ఉత్త సందర్శకులమని చెప్పి లోపల బట్టలు మార్చుకుంటూ ఫొటోలు తీసుకునేవాళ్ల వల్లే కొన్ని తలుపులు అందరికీ మూతపడ్డాయి.

ఆత్తంగుడి పలకలు కొనాలనుకుంటే

తయారీ చూడటానికి ఉదయమే వెళ్లండి. గాజు పలక మీద ఇనుప చట్రం, అందులో పువ్వు అచ్చు. రంగు కలిపిన సిమెంటును గరిటెతో ఒక్కో గడిలో పోసి, అచ్చు మెల్లగా లేపుతారు. పైన పొడి సిమెంటు, ఇసుక చల్లి, ఆ తర్వాత తడి సిమెంటుతో వీపు కడతారు. కాల్చరు. ఆరాక నీళ్లలో నానబెట్టి, మళ్లీ ఆరబెడితే గాజు తనంతట ఊడివస్తుంది. ఆ నునుపు గాజు ఇచ్చినదే.

లెక్క ఇలా వేసుకోండి. పది అంగుళాల పలకలైతే వంద చదరపు అడుగులకు 144. ఎనిమిది అంగుళాలవైతే 225. విరగడానికి, కోతలకు పది శాతం కలపండి. అంటే 160, 248. పది అంగుళాల పలక రెండున్నర కిలోలకు పైనే తూగుతుంది కాబట్టి ఒక గదికి సరిపడా కారు డిక్కీలో రావు, లారీ పార్సెలే. అన్నీ ఒకే విడతలో చేయించుకోండి, తర్వాత విడతలో రంగు కొంచెం తేడా వస్తుంది. చెన్నై ఫ్లాట్‌లో వేసే ముందు మందం కొలవండి. ఇవి ముప్పావు అంగుళం దాకా ఉంటాయి, మామూలు టైల్ అందులో సగం. చూసుకోకపోతే తలుపులు నేలకు రాసుకుంటాయి. పరిచాక ఆసిడ్‌తో కడగనివ్వకండి. సిమెంటును ఆసిడ్ తింటుంది, మెరుపు ఆ రోజే పోతుంది. ఉత్త నీళ్లతో తుడిచి, అప్పుడప్పుడు గుడ్డ మీద రెండు చుక్కల కొబ్బరినూనె వేసి రుద్దితే నడిచే కొద్దీ మెరుగెక్కుతాయి.

కారైకుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత సామాను కొట్లున్నాయి. ఎనామెల్ గిన్నెలు, ఇత్తడి సామాను, పాత ఫొటో చట్రాలు కొనుక్కోండి. స్తంభాలు, ద్వారబంధాలు మాత్రం వద్దు. అవి ఒక ఇల్లు విప్పితే వచ్చినవి. కొనేవాళ్లున్నంత కాలం మరమ్మతు కన్నా విప్పి అమ్మడమే లాభమని వాటాదారులకు అనిపిస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. వందేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. చేనేతలో కారైకుడి కండాంగి చీరలు తీసుకోండి, వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది.

రెండో రోజు ఉదయం పిళ్ళైయార్‌పట్టి వినాయకుడి గుహాలయం పెట్టుకోండి, మధ్యాహ్నానికి మూసేస్తారు. కారులో వచ్చినవాళ్లు తిరుగు దారిలో తిరుమయం కోట చూసుకోవచ్చు, పుదుక్కోట్టై రోడ్డు మీదే ఉంది. పల్లవన్‌లో తిరిగి వెళ్లేవాళ్లు రెండో రోజు రాత్రి కూడా కారైకుడిలోనే పడుకోవాలి, ఎందుకంటే ఆ బండి అక్కడ తెల్లవారకముందే బయలుదేరుతుంది. ఆటో ముందు రాత్రే మాట్లాడి పెట్టుకోండి, ఆ వేళకు స్టాండులో ఉంటాయన్న భరోసా లేదు.